నొప్పిని చూచి నవ్వవచ్చునా?

ధ్యానమునకు: సామెతలు 12:10, కీర్తనలు 101:2-3, లూకా 12:6-7

ప్రతి సంవత్సరము జనవరి మాసమున భోగి, సంక్రాంతి, కనుమ దినములు వచ్చినప్పుడు గోదావరి, కృష్ణా ప్రాంతములలోని కోడిపందెముల బరులు మన ఇండ్లలోనికే వచ్చుచున్నవి. బరి యొద్దకు పోవలసిన పని లేదు. టెలివిజను మీట నొక్కిన చాలును. రంగురంగుల గుడారములు, వరుసగా వేసిన కుర్చీలు, జనసమూహము, మైకు పట్టుకొని ఉత్సాహముగా మాటలాడు వ్యాఖ్యాతలు కనబడుదురు. పుంజు కాలికి కత్తి కట్టుటను దగ్గరగా చూపుదురు. డేగ గెలుచునా, కాకి గెలుచునా అని చమత్కారముగా అడుగుదురు. కొంచెము సేపటికి రెండు పుంజులలో ఒకటి నెత్తురు కారుచు మట్టిలో పడిపోవును. అప్పుడొక కేక, ఒక నవ్వు, ఒక సినిమా పాట. దాని వెంట సబ్బు ప్రకటన. అన్నము తినుచు మన పిల్లలు దీనిని చూచుచున్నారు.

పండుగ దినములతో ఇది ముగియుట లేదు. హాస్య కార్యక్రమములలోను, సెల్ ఫోనులో ఒకరికొకరు పంపుకొను చిన్న చిత్రములలోను ఇటువంటివి ఎన్నో కనబడుచున్నవి. కుక్క మెట్ల మీదనుండి జారిపడుట, పిల్లిని బెదరగొట్టుట, కోతి మెడకు త్రాడు కట్టి ఈడ్చుట, మేకను తన్నుట, ఇవన్నియు నవ్వుకొరకు చూపబడుచున్నవి. చూచువారికి నవ్వు రానియెడల వెనుకనుండి నవ్వుల శబ్దమును కలుపుదురు. ఎక్కడ నవ్వవలెనో కూడ మనకు నేర్పుచున్నారన్న మాట.

ఇందులో తప్పేమున్నది, కోడి కోడియే గదా, తమాషా తమాషాయే గదా అని అడుగువారున్నారు. మన సంఘములలోని మంచి విశ్వాసులు కూడ ఇట్లు అడుగుచున్నారు. అడుగుట తప్పు కాదు. కాబట్టి వారి ప్రశ్నను త్రోసివేయక దేవుని వాక్యపు వెలుగులో ఆలోచించుదము.

మొదట మన అభ్యంతరమేదో స్పష్టముగా చెప్పుకొందము. క్రూరత్వమును టెలివిజను చూపనే కూడదని మనము చెప్పుట లేదు. ఎద్దులను లారీలో ఊపిరాడకుండ కుక్కి తీసికొనిపోవుటను చూపి, చూచువారి మనస్సు కదిలించు వార్త మంచి పనియే చేయుచున్నది. పరిశుద్ధ గ్రంథము కూడ క్రూరకార్యములను దాచలేదు. సమ్సోను మూడువందల నక్కలను పట్టి వాటి తోకల మధ్య దివిటీలు కట్టిన సంగతి న్యాయాధిపతులు 15వ అధ్యాయములో ఉన్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పబడినది గాని, దానిని తలంచి నవ్వుడని చెప్పబడలేదు. చెప్పుట వేరు, చెప్పుచు నవ్వించుట వేరు. నొప్పిపడుచున్న ప్రాణిని నవ్వులాటగా చేయుట, దీనికే మన అభ్యంతరము.

టెలివిజను మన పల్లెలకు వచ్చిన దినములను పెద్దలు జ్ఞాపకము చేసికొందురు గాక. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా దేశములోని ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు పంపబడినవి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉన్నవి. బడిపిల్లలకు పాఠములు, పెద్దలకు వ్యవసాయమును గూర్చియు ఆరోగ్యమును గూర్చియు బోధ, ఇవి ఆ కార్యక్రమములు. ఊరంతయు ఒక్క పెట్టె యెదుట కూర్చుండి చూచెడివారు. అనగా టెలివిజను మన యొద్దకు ఒక ఉపాధ్యాయునివలె వచ్చినది. ఇప్పటికిని అది ఉపాధ్యాయుడే. నవ్వించునప్పుడు కూడ అది నేర్పుచునే యున్నది. ఏమి నేర్పుచున్నదో చూచుకొను బాధ్యత ఇంటి యజమానునిదియు, ఇంటి తల్లిదియు.

ఇక లేఖనములను చూతము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి ఆలోచన గలవాడని సామెతలు 12:10 బోధించుచున్నది. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఇంటివారితోను దాసులతోను పాటు పశువులకు కూడ విశ్రాంతి నియమింపబడినది. నూర్చెడి ఎద్దు మూతికి చిక్కము కట్టకూడదని ధర్మశాస్త్రము చెప్పినది. మన కళ్ళములలో ఎద్దులతో నూర్పులు నూర్చిన పెద్దలకు ఈ మాట ఎంత దయగలదో తెలియును. పగవాని గాడిద బరువు క్రింద పడియుండగా చూచినయెడల తప్పించుకొని పోక, దానిని విడిపించుటకు సహాయము చేయవలెను. పగవానితో మాటలు లేకపోవచ్చును; అయినను అతని గాడిదతో మనకు పగ లేదు. గూటిలో పిల్లలను పొదుగుచున్న తల్లిపక్షిని పిల్లలతో కూడ పట్టుకొనకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది.

బిలాము తన గాడిదను ముమ్మారు కొట్టెను. దేవుని దూత కనబడినప్పుడు అతని మొదటి ప్రశ్న, ఆ గాడిదను ముమ్మారు ఎందుకు కొట్టితివన్నదే. నీనెవె మీద దేవుడు ఎందుకు కనికరపడెనో యోనాకు చెప్పినప్పుడు, లక్ష ఇరువది వేలకు మించిన జనులను లెక్కించి ఊరకుండలేదు. ఆ పట్టణములోని బహు పశువులను కూడ పేర్కొనెను. యోనా గ్రంథము ఆ పశువుల మాటతోనే ముగియుచున్నది.

మన ప్రభువు పిచ్చుకల వెలను గూర్చి రెండుమార్లు మాటలాడెను. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. సంతలో బేరమాడు అలవాటున్న మనకు ఈ లెక్క సులభముగా తెలియును. రెండు కాసులకు రావలసినవి నాలుగే, అయిదవది కొసరు. అమ్మువాడు దానికి వెల కట్టలేదు. కొనువాడు దానిని లెక్కపెట్టలేదు. ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువలేదని ప్రభువు చెప్పెను. మనము పిచ్చుకలకంటె శ్రేష్ఠులమని కూడ అక్కడనే చెప్పెను. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. మనము శ్రేష్ఠులమగుట నిజమే గాని, మన శ్రేష్ఠత పిచ్చుకను మరచుటలో లేదు.

ఇప్పుడు మన సహోదరులు వేయు ప్రశ్నలకు వత్తము. మొదటి ప్రశ్న: మనము కోడిని తినుచున్నాము గదా? క్రిస్మసు విందుకు కోసిన కోడికి నొప్పి కలుగలేదా? పందెములో చచ్చిన పుంజును గూర్చి మాత్రము ఏడ్చుట వేషధారణ కాదా?

ఇది న్యాయమైన ప్రశ్న. జలప్రళయము తరువాత దేవుడు నోవహుతో మాటలాడి మాంసమును ఆహారముగా అనుగ్రహించెను. అదే అధ్యాయములో పక్షులతోను పశువులతోను కూడ నిబంధన చేసెను. తినుటకు సెలవిచ్చిన దేవుడే ఆ ప్రాణులతో నిబంధన చేసినవాడు. కాబట్టి మన సెలవుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో తెలిసికొనుటకు మనమొక చిన్న పరీక్ష చేయవచ్చును: అందులోనుండి నొప్పిని తీసివేసినయెడల ఏమి మిగులును?

కోడిని నొప్పి లేకుండ కోయగలిగినయెడల విందు చెడిపోవునా? చెడిపోదు. వండు తల్లి ఇంకను సంతోషించును. అక్కడ మనకు కావలసినది ఆహారము. నొప్పి మనము కోరినది కాదు. కాని కోడిపందెములోనుండి కత్తిని, గాయమును, నెత్తురును తీసివేయుడి. ఆ గుడారములు నిలుచునా? ఆ వ్యాఖ్యాత అంత కేకలు వేయునా? జారిపడిన కుక్కకు దెబ్బ తగులలేదని, అది మెల్లగా నడచి దిగినదని చూపినయెడల ఎవరు నవ్వుదురు? అక్కడ మనుష్యునికి కావలసినది నొప్పియే. నొప్పియే అక్కడి సరకు. ఒక ప్రాణి నొప్పిని సరకుగా చేసి అమ్ముటకును, దానిని కొని నవ్వుటకును దేవుడు నోవహుకు గాని మనకు గాని సెలవియ్యలేదు.

ఈ పరీక్ష మన వంటింటికి కూడ వర్తించునని మరువకూడదు. కోళ్ల కాళ్లు కట్టి సైకిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీసి మైళ్ల దూరము తీసికొనిపోవువారున్నారు. ఆ నొప్పి తప్పించగల నొప్పి. విందుకు అది అవసరము కాదు. గంపలో పెట్టి తీసికొనిపోయినను కోడి కోడియే. పందెమును గూర్చి మాటలాడువారు ఈ సంగతిని గూర్చి కూడ మాటలాడినప్పుడే వారి మాట నిలుచును.

రెండవ ప్రశ్న బైబిలు బాగుగా చదివినవారు వేయుదురు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పౌలు ఎద్దు చిక్కమును గూర్చిన ఆజ్ఞను ఎత్తి, దేవుడు ఎడ్లకొరకు విచారించుచున్నాడా అని అడిగెను గదా? ఆ ఆజ్ఞ సువార్త పనివారికొరకే వ్రాయబడినదని చెప్పెను గదా? అట్లయితే పశువులను గూర్చి మనకు చింత యెందుకు?

పౌలు అక్కడ వాదించుచున్నది సేవకుని జీతమును గూర్చి. చిన్నదానినుండి పెద్దదానికి వాదమును తీసికొనిపోవుచున్నాడు. ఎద్దుకే తిండి తిను హక్కున్నప్పుడు సువార్తకొరకు కష్టపడువానికి ఎంత ఎక్కువగా ఉండవలెను! క్రింది మెట్టు లేనియెడల పై మెట్టుకు ఎక్కుట ఎట్లు? ఎద్దుకు నిజముగా హక్కు లేకుంటే పౌలు వాదము నిలువదు. ఆ పౌలే రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయములో సృష్టి యంతయు మూలుగుచున్నదనియు, విడుదలకొరకు కనిపెట్టుచున్నదనియు వ్రాసెను. జాన్ వెస్లీ 1781లో ఆ వాక్యభాగము మీదనే ఒక ప్రసంగము వ్రాసి, మూగజీవుల బాధను దేవుడు ఎరుగుననియు, వాటికిని విడుదల కలదనియు, కనుక మనము వాటియెడల మెత్తని హృదయము గలవారమై యుండవలెననియు బోధించెను. సృష్టి మూలుగును వినుచు దేవుని పిల్లలు నవ్వుచుండుట ఎట్లు తగును?

మూడవ ప్రశ్న: మేము పందెము కట్టలేదు, కత్తి కట్టలేదు, ఊరక చూచితిమి, చూచుట పాపమా? టెలివిజను వారు కూడ ఇట్లే చెప్పుదురు: మేము జరిగించలేదు, ఊరక చూపితిమి.

న్యాయాధిపతులు 16వ అధ్యాయమును తీయుడి. కన్నులు పోగొట్టుకొని చెరసాలలో తిరుగలి విసరుచున్న సమ్సోనును ఫిలిష్తీయులు తమ పండుగ దినమున తెప్పించిరి. ఎందుకు? వినోదముకొరకు. మేడమీద స్త్రీ పురుషులు సుమారు మూడువేలమంది కూర్చుండి చూచుచుండిరి. ఆ మూడువేలమందిలో సమ్సోను కన్నులు తీసినవారు ఎందరు? బహు కొద్దిమంది. మిగిలినవారు ఊరక చూచినవారు. అయినను చూచువారు లేనియెడల అతనిని తెప్పించుట యెందుకు? మూడువేలమంది నవ్వుకొరకే అతడు అక్కడికి తేబడెను.

టెలివిజను సంగతియు అట్లే. ఏ కార్యక్రమమును ఎందరు చూచుచున్నారో లెక్క కట్టుదురు. దానినే టీఆర్పీ అందురు. ఆ లెక్కను బట్టి ప్రకటనల సొమ్ము వచ్చును. చూచువారు ఎక్కువైనకొలది మరుసటి సంవత్సరము మరిన్ని బరుల యొద్దకు కెమెరాలు పోవును. కెమెరాలు వచ్చుచున్నవని తెలిసి బరులు ఇంకను పెద్దవగును. కాబట్టి ఇంటిలో కూర్చుండి చూచువాడు బరికి దూరముగా లేడు. అతడు మేడమీద కూర్చుండి యున్నాడు.

చూపువాడు నిర్దోషియని చెప్పుటకు కూడ వీలు లేదు. 1958లో అమెరికాలో డిస్నీ సంస్థవారు తీసిన ‘వైట్ వైల్డర్‌నెస్’ అను చిత్రములో, లెమ్మింగులను ఎలుకవంటి చిన్న జంతువులు గుంపులుగా కొండ అంచునుండి తమంతట తామే దూకి చచ్చుచున్నట్లు చూపిరి. ఆ చిత్రమునకు గొప్ప బహుమానము కూడ వచ్చినది. 1982లో కెనడా దేశపు టెలివిజను కార్యక్రమమొకటి నిజమును బయటపెట్టినది. ఆ జంతువులు తమంతట తాము దూకలేదు. చిత్రము తీయువారే వాటిని అంచునుండి త్రోసివేసిరి. చూచువారి ఆశ్చర్యముకొరకు వాటి ప్రాణములు పోయినవి. ఇందులో మనకు రెండు పాఠములున్నవి. చూపువాడు కేవలము చూపువాడు కాకపోవచ్చును. అంతేకాక, అబద్ధమును చూపగల టెలివిజనే సత్యమును కూడ చూపగలదు. కనుక మనము కోరుచున్నది అసాధ్యమైన సంగతి కాదు.

మన దేశములోనే ఒక వింత జరుగుచున్నది. సినిమాలలో క్రూరత్వమును అవసరము లేకుండ చూపకూడదని 1991లో సినిమా పరిశీలన నియమములలో వ్రాయబడినది. అందుచేత ఈ దినములలో సినిమాలో జంతువు కనబడినప్పుడు, అది కంప్యూటరులో చేసిన బొమ్మయని తెర మూలను వ్రాయుటను మనము చూచుచున్నాము. ఏ జంతువుకును హాని జరుగలేదని మొదటనే ప్రకటించుదురు. అయితే కథలోని పుంజుకు ఇంత జాగ్రత్త తీసికొనుచుండగా, నిజముగా నెత్తురు కారుచున్న పుంజును వార్తల పేరిట నవ్వుచు చూపుచున్నారు. బొమ్మకున్న గౌరవము ప్రాణికి లేకపోయినది.

నాలుగవ ప్రశ్న: ఇది మన సంస్కృతి గదా? తరతరముల ఆచారము గదా? పల్నాటి వీరుల కథలో కూడ కోడిపందెమున్నది గదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పునప్పుడు మనము మిక్కిలి వినయముతో మాటలాడవలెను. పొరుగువారి పండుగను నిందించుట మన పని కాదు. పల్నాటి కథలో కోడిపందెమున్న మాట నిజమే. ఆ కథ సోదరుల రాజ్యములు యుద్ధములో నశించుటతో ముగిసిన మాటయు నిజమే. సంక్రాంతి దినములలో మన పొరుగువారు చేయు మంచి పనులున్నవి. కనుమనాడు ఎద్దులను ఆవులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఆ దినమున వాటిని పనికి కట్టకుండ గౌరవించుదురు. వరికంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకలు తినుటకు చూరుకు వ్రేలాడగట్టుదురు. బియ్యపుపిండితో ముగ్గువేసి చీమలకు ఆహారము పెట్టుదురు. కొసరు పిచ్చుకను గూర్చి ప్రభువు చెప్పిన మాటను చదువుకొను మనము ఈ అలవాట్లను చూచి సంతోషించవలెను. ఇవియు సంస్కృతియే. అదే కనుమనాడు ఎద్దుకు మ్రొక్కి పుంజుకు కత్తి కట్టుట తగదని పొరుగువారిలోనే అనేకమంది పెద్దలు చెప్పుచున్నారు. వారితో మనము చేతులు కలుపవలెను.

క్రైస్తవులమని అతిశయపడుటకు మనకు హేతువు లేదు. సువార్తను ప్రకటించిన దేశములే ఈ పాపములో మునిగియుండెను. ఇంగ్లండులో కోడిపందెములు, ఎలుగుబంటును కట్టి కుక్కలను ఉసికొల్పుట సామాన్య వినోదములుగా ఉండెను. 1751లో హోగార్త్ అను చిత్రకారుడు క్రూరత్వపు నాలుగు మెట్లను నాలుగు బొమ్మలుగా గీసి చౌకగా అచ్చువేయించెను. మొదటి బొమ్మలో బాలురు జంతువులను హింసించి ఆడుకొనుచుందురు. మూడవ బొమ్మలో వారిలో ఒకడు నరహంతకుడగును. సామాన్య జనులు చూచి బుద్ధి తెచ్చుకొనవలెనని ఆయన కోరిక. 1824లో ఆర్థర్ బ్రూమ్ అను సంఘకాపరి, బానిస వ్యాపారమును ఎదిరించిన విల్బర్‌ఫోర్స్ మొదలైనవారితో కూడి, జంతువులపై క్రూరత్వమును నివారించుటకు లండనులో ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘము అప్పుల నిమిత్తము ఆయన 1826లో చెరసాలకు కూడ వెళ్లెను. తుదకు 1835లో అక్కడ కోడిపందెములను నిషేధించుచు చట్టము వచ్చినది. ఆచారము ఎంత పాతదైనను దేవుని ప్రజలు ఓర్పుతో పనిచేసినప్పుడు మారునని ఇది మనకు చూపుచున్నది.

మన దేశములో ఈ చట్టము ఎప్పుడో వచ్చినది. రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ గారి పట్టుదల ఫలముగా 1960లో పార్లమెంటు జంతువులపై క్రూరత్వ నివారణ చట్టమును చేసినది. వినోదముకొరకు ఒక జంతువును మరియొక జంతువు మీదికి ఉసికొల్పుటయు, అట్టి పోరాటములకు స్థలము నడుపుటయు ఆ చట్టము ప్రకారము నేరములు. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము కోడిపందెములు జరుగకుండ చూడవలెనని అధికారులను ఆదేశించినది. అయితే 1960 చట్టములో మొదటి నేరమునకు జరిమానా 10 రూపాయలకు తక్కువ కాకుండ 50 రూపాయల వరకే. ఈనాడు ఆ సొమ్ము డజను కోడిగ్రుడ్లకు కూడ చాలదు. చట్టము చెప్పిన మాట మంచిదే, దాని చెయ్యి మాత్రము బలహీనమైనది. చట్టము నిషేధించినదానిని టెలివిజను పండుగగా చూపినప్పుడు ఆ చెయ్యి ఇంకను చచ్చుపడుచున్నది.

ఈ నవ్వు వెనుక ఏడ్పు కూడ ఉన్నదని మరువకుడి. పందెములో ఓడినవాని ఇంటిలో ఆ రాత్రి ఏమి జరుగునో టెలివిజను చూపదు. కూలి డబ్బు, కౌలుకు దాచిన డబ్బు, భార్య మెడలోని నానుత్రాడు ఆ బరిలోనికి పోవుచున్నవి. సామెతలు 26:18-19 వచనములలో, పొరుగువానిని మోసపరచి తమాషాకు చేసితినని చెప్పువానిని, మండుచున్న కొరవులను విసరు వెర్రివానితో పోల్చియున్నారు. తమాషాకేయని చెప్పినందున కొరవి చల్లబడదు. ఎవరి ఇంటి కప్పు మీద పడునో విసరినవానికి తెలియదు.

పిల్లల సంగతి మరింత ముఖ్యమైనది. పిల్లవాడు పుట్టుకతో దయలేనివాడు కాడు. కోడిపిల్ల కాకి నోట పడినప్పుడు ఏడ్చిన పిల్లవాడే, పెద్దలందరు నవ్వుచున్నారు గనుక తానును నవ్వుట నేర్చుకొనును. మొదటిసారి అతడు మన ముఖములను చూచును. మన ముఖములలో నవ్వు కనబడినయెడల తన ఏడ్పును దాచుకొనును. అట్లు దాచుకొనిన జాలి మరల బయటికి వచ్చుట కష్టము. తరువాత ఊరకుక్క తోకకు టపాకాయ కట్టును. ఆ పిమ్మట బడిలో కుంటివానిని వెక్కిరించును. దయ అనునది ఒక గదిలో పాడైనప్పుడు పక్క గదిలో బాగుగా ఉండదు.

కాబట్టి ప్రియులారా, మనమేమి చేయవలెను?

మొదటిది, మన ఇంటిలో ప్రారంభించవలెను. 101వ కీర్తనలో దావీదు తన ఇంటిలో యథార్థ హృదయముతో నడచుకొందుననియు, చెడ్డదానిని తన కన్నుల యెదుట ఉంచుకొననని నిశ్చయించుకొనెను. రాజైన దావీదు మొదట రాజ్యమును గూర్చి గాక తన ఇంటిని గూర్చి మాటలాడెను. ఇటువంటి దృశ్యము వచ్చినప్పుడు మీట నొక్కి ఆపుడి. ఆపి ఊరకుండక, ఎందుకు ఆపితిరో పిల్లలకు రెండు మాటలలో చెప్పుడి. ‘ఆ పుంజుకు నొప్పి పుట్టుచున్నది, మనము నవ్వకూడదమ్మా’ అని తల్లి చెప్పిన మాట ఎన్నో ప్రసంగములకంటె ఎక్కువగా నిలుచును.

రెండవది, చెప్పవలసినవారికి చెప్పవలెను. 2021లో సవరించిన కేబుల్ టెలివిజను నియమముల ప్రకారము, కార్యక్రమమును గూర్చి చూచువాడు ఎవడైనను నేరుగా ఆ ఛానలువారికి ఫిర్యాదు వ్రాయవచ్చును. వారు 15 దినములలో జవాబు చెప్పవలెను. ఆ జవాబు సరిపడనియెడల పై సంఘమునకు వ్రాయు ఏర్పాటు కూడ ఉన్నది. కోపముతో వ్రాయవద్దు. ఏ దినమున, ఏ గంటకు, ఏ కార్యక్రమములో ఏమి చూపిరో, అది ఎందుకు తగదో మర్యాదగా వ్రాయుడి. వ్రాయుట రానివారికి సంఘములోని చదువుకొనిన యౌవనస్థులు సహాయము చేయుదురు గాక. ఒక సంఘమునుండి పది ఉత్తరములు పోయినయెడల వాటిని చదువకుండ పారవేయుట సులభము కాదు.

మూడవది, పందెమునకు పోవు మనవారిని ప్రేమతో గద్దించవలెను. ఆదివారము ఆరాధనకు వచ్చి కనుమనాడు బరిలో డబ్బు పెట్టువారు మన సంఘములలో లేరని చెప్పలేము. తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభమగునని పేతురు వ్రాసెను గదా. యౌవనస్థులను వద్దని చెప్పి ఊరకుండకుడి. ఆ మూడు దినములలో కబడ్డీ, పరుగుపందెములు, బైబిలు పోటీలు పెట్టుడి. పశువైద్యుని పిలిచి ఊరి పశువులకు టీకాలు వేయించు ఏర్పాటు చేయుడి. ఏ మతమువారి పశువైనను తీసికొనిరమ్మని చెప్పుడి. కనుమ దినమున పశువుకు మేలు చేయు క్రైస్తవుని చూచి పొరుగువాడు మన మాట వినుటకు సిద్ధపడును.

కోడిని గూర్చి తలంచునప్పుడు సువార్తలలోని రెండు సంగతులు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. యెరూషలేమును చూచి దుఃఖపడిన మన ప్రభువు తన ప్రేమను తెలుపుటకు సింహమును గాని పక్షిరాజును గాని చెప్పక, తన రెక్కల క్రింద పిల్లలను చేర్చుకొను కోడిని చెప్పెను. ప్రభువును ఎరుగనని పేతురు మూడుమార్లు బొంకినప్పుడు అతని మనస్సాక్షిని లేపుటకు దేవుడు ఒక దూతను పంపలేదు. కోడి కూసెను. పేతురు వెలుపలికి పోయి సంతాపపడి ఏడ్చెను.

ఆ కోడి కూత ఇప్పటికిని తెల్లవారుజామున మన పల్లెలలో వినబడుచున్నది. పేతురును ఏడ్పించి రక్షణ త్రోవకు త్రిప్పిన ఆ ప్రాణిని, మనలను నవ్వించుటకు చంపుచున్నారు. రేపు ఉదయమున కోడి కూసినప్పుడు, కుటుంబ ప్రార్థనకు కూర్చున్న మనము, మూగజీవుల కొరకును, వాటిని హింసించువారి కొరకును, ఇంటిలో మనము చూచుదానిని గూర్చియు దేవునికి ప్రార్థన చేయుదము. కొసరు పిచ్చుకను మరువని తండ్రి మన ప్రార్థనను ఆలకించును. ఆమేన్.